ఫొటోలో వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి

ఇలా రండర్రా, ఆ టీవీ గొంతు నొక్కేసి నా మంచం పక్కకి జరగండి. నాది పెద్ద గొంతే గానీ, ఈ సంగతి అవతలి వీధికి వినబడేలా చెప్పేది కాదు. చెవి నా దగ్గర పెట్టి వినాలి. మధ్యలో లేచి మంచినీళ్ళకి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి రండి.

శ్రీసత్య అనే అమ్మాయి ఇంట్లోంచి కనబడకుండా పోయిన పన్నెండో రోజు అది. రెండువేల రెండో సంవత్సరం, డిసెంబరు నెల, మంగళవారం. అప్పుడు వన్ టౌన్‌లో మన పాత ఇంటి మేడ మీద గదిలో ఆశాజ్యోతి అద్దెకుండేది. గుమ్మానికి జానెడు రేకు ముక్క, దాని మీద పేరు, కింద ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని రెండు మాటలు. అంతకుముందు ఏడేళ్ళు గోపాలపట్నంలో ఒక కలర్ లాబ్‌లో పనిచేసింది. జనం ఊళ్ళు తిరిగొచ్చి ఇచ్చిన ఫిల్ము రోల్సన్నీ ఆ పిల్ల చేతుల మీదుగానే కడిగించుకుని బయటపడేవి. అందుకే ఏ ఫొటో చూపించినా అది ఎక్కడ తీసిందో చెప్పేసేది. మైలురాయికి వేసిన రంగు, బస్సు నెంబరు పలక, గోడ మీద ఆకు నీడ, ఇలాంటివి పట్టుకుని చెప్పేది. తాను మాత్రం భీమిలి దాటి ఏ ఊరూ చూడలేదు.

ఆ రోజుల్లో ఒక పత్రికలో ఆదివారం ఆదివారం ‘ఈ ఫొటో ఎక్కడిది?’ అని పోటీ పెట్టేవాళ్ళు. గెలిచినవాళ్ళ పేర్లు అచ్చువేసేవాళ్ళు. ఎన్ని వారాలు చూసినా రెండు పేర్లే. ఒకటి ఆశాజ్యోతి, రెండోది ఉమాశంకర్. ఉమాశంకర్ కూడా డిటెక్టివే. అద్దాల ఆఫీసు, జీపు, జేబులో సెల్‌ఫోను. ఏ వారం ఆయన పేరు పైన పడితే ఆ వారం మా మేడ మీద పొయ్యి వెలిగేది కాదు. పిల్ల పస్తు పడుకునేది. నేను గిన్నెలో అన్నం పట్టుకెళ్తే "ఆ ఫొటోలో తాటిచెట్టు సూసి కూడా తప్పు రాసినాను మామ్మా" అని గోడ వైపు తిరిగేది.

ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. గవర్రాజుకీ తెలుసు.

ఆ ఉదయం ఏడున్నరకి అతను మా మెట్లెక్కాడు. శ్రీసత్య మొగుడు. స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నాడు. నీలం చొక్కా, మడత నలగలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నేను టీ ఇస్తే రెండు చేతులతో అందుకున్నాడు. పాపం, మంచివాడే అనుకున్నాను.

"నా భార్య బతికుందో లేదో తెలిస్తే చాలండి. ఎక్కడుందో చెప్పండి, అంతకంటే నాకేం వద్దండి" అన్నాడు.

ఆశాజ్యోతి కాగితం తీసింది. "ఎప్పటి నుంచి కనబడడం లేదు?"

"మొన్న కాదండి, అటు మొన్నటి గురువారం. నాకు బి షిఫ్టు. ఒంటిగంటకి బస్సెక్కానండి. రాత్రి పదకొండుకి వచ్చి చూస్తే లేదు."

"మధ్యలో ఇంటికి రాలేదు కదా?"

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "నాలుగింటికి ఒకసారి వచ్చానండి. ఒంట్లో బాగోక."

"అప్పుడు ఉన్నారా?"

"ఉందండి."

"మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయారా? ఒంట్లో బాగోలేదన్నారు."

"తగ్గిందండి."

"ఏం తీసుకెళ్ళారు ఆవిడ?"

"పుట్టింటి చీరలు రెండు. నేను కొన్నది ఒక్కటీ ముట్టుకోలేదండి."

"ఎవరి మీద అనుమానం?"

"కార్తీక్ అని ఒకడున్నాడండి. పోర్టు లారీ నడుపుతాడు. ఆడే తీసుకుపోయాడు."

"ఎవరతను?"

"దాని పిన్ని కొడుకండి."

"అంటే తమ్ముడు."

"వరసకి. వరసలు ఎవరిక్కావాలండి ఈ రోజుల్లో?"

ఆశాజ్యోతి కలం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

అతను కవరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద గోవా పోస్టాఫీసు ముద్ర. లోపల ఒక్క ముక్క ఉత్తరం: ‘నేను సుఖంగా ఉన్నాను. నా కోసం వెతకొద్దు.’ దాంతో పాటు రెండు ఫొటోలు. ఒకదాంట్లో సముద్రం మీద ఎర్రటి సూర్యుడు, ఒడ్డున దూరంగా నలుగురైదుగురు మనుషులు. వెనక ‘గోవాలో సాయంత్రం’ అని రాసుంది. రెండోదాంట్లో శ్రీసత్య ఇసకలో నిలబడి ఉంది, పక్కన పెద్ద పెద్ద దుంగలు.

"ఉమాశంకర్ గారు చూసి గోవాయేనన్నారండి. వారం రోజులు సెలవు పెట్టి వెళ్ళొచ్చాను. హోటలు హోటలూ తిరిగానండి, లేదు. రేపటితో నా సెలవు అయిపోతుంది." గొంతు తగ్గించాడు. "ఆయనది పైకి కనబడే హంగేగానీ, ఫొటో చదవడంలో మీరు ఆయనకంటే ఒక మెట్టు పైనేనని అందరూ అంటారండి."

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. నేను చూశాను. అసూయతో బతికేవాడికి ఎదుటివాళ్ళ అసూయ ఎక్కడ దాగుందో వాసనొస్తుందర్రా. సరిగ్గా అక్కడే వేలు పెడతాడు.

ఆశాజ్యోతి ఫొటోలు కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి భూతద్దం పెట్టింది. ముందు బొమ్మ చూసింది. తరవాత కాగితాన్ని వాలుగా వంచి మెరుపు చూసింది. పెదవులు బిగించింది. "ఇల్లు చూడాలి" అంది, అంతే.

అతను మోటారు సైకిలు మీద ముందు పోయాడు. ఒంటరి మగాడి ఇంటికి ఆడపిల్ల ఒక్కర్తీ ఏం వెళ్తుందని నేనూ బస్సెక్కాను. చూడాలన్న సరదా కూడా ఉందిలెండి.

బస్సు గోపాలపట్నం దాటాక పిల్ల నా చెవిలో నవ్వింది. "మామ్మా, ఈ ఫొటోలు గోవాలో కడిగినవి కావు. అంచున ఎంట్రుకంత గీత ఉంది. మా లాబ్ మిషన్‌లో ఒక రోలరు గీసే గీత అది. ఏడేళ్ళు తిట్టుకున్నాను దాన్ని. గోవాలో పోస్టు చేసింది ఆ లారీ తమ్ముడే అయ్యుంటాడు గానీ, ప్రింటు మాత్రం ఇక్కడే వేయించినారు."

"మరి సముద్రం?"

"పక్కనున్నవి తెప్ప దుంగలు. విప్పి ఆరబెట్టినారు. గోవా రోల్సు వందలు కడిగినాను, ఒక్కదాంట్లో దుంగల తెప్ప లేదు. అది అస్తమయం కాదు మామ్మా, ఉదయం. మన సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు. ఆ లేచే సూర్యుణ్ణి చూపించి గోవాలో దిగిపోతన్నాడని రాసినారు. ఎంత తెలివో చూడు!" కళ్ళు మెరిశాయి. "ఉమాశంకర్ మొహం సూడాలి ఈ రోజు."

ఆ మాట అన్నప్పుడు టైము తొమ్మిదిన్నర దాటింది. ఆ సంతోషం గంటసేపైనా నిలవలేదు.

పెందుర్తిలో ఆ ఇంటి గేటు దగ్గర దిగాం. గవర్రాజు తాళం తీసి, పాలప్యాకెట్టు తెస్తానని మళ్ళీ బండెక్కాడు. పక్కింటి గోడ మీంచి ఒకావిడ తొంగి చూసింది. నాగమణి అట పేరు. ఆవిడదీ గోదావరి వైపే.

"మీరు ఆ పిల్ల తరఫునాండి, ఆయన తరఫునాండి?" అని అడిగింది.

"ఎందుకండీ అలా అడుగుతున్నారు?" అంది ఆశాజ్యోతి.

నాగమణి వీధి చివరిదాకా చూసి చెప్పింది. "ఆయన డ్యూటీకి వెళ్ళేటప్పుడు గుమ్మానికి అడ్డంగా ముగ్గుతో సన్నటి గీత గీయించేవారండి ఆ పిల్లచేత. తిరిగొచ్చాక టార్చిలైటు వేసి చూసేవారు, చెరిగిందేమోనని. ఓ రోజు కాకి తొక్కింది. ఆ రోజు మేం చెవులు మూసుకున్నామండి. షిఫ్టు మధ్యలో కూడా వచ్చి చూసిపోయేవారు."

"ఎవరూ వచ్చేవాళ్ళు కాదా ఇంటికి?"

"ఎవరొస్తారండి? చేపలమ్మే ఆవిడ ఒకతె గేటు మీంచి చెయ్యి చాచి చేపలిచ్చేది. ఏదో ఒకటి చెప్పి నవ్వించేది. ఈ వీధిలో ఆ పిల్ల నవ్వింది ఆవిడ దగ్గరే. మాకా, భయమండి."

నేనూ ఏళ్ళ తరబడి గంప మోసి చేపలమ్మినదాన్నే, అయినా ఆ చేపలావిడ పేరేమిటని అడగలేదు. అడిగుంటే బాగుండేది.

లోపలికెళ్ళాం. పడకగదికి గడియ బయటవైపు ఉంది. గదిలోపల గడియ లేదు. కిటికీ రెక్కలకి మేకులు కొట్టేశారు. ఆశాజ్యోతి ఒక మేకు తల మీద గోరు పెట్టి గీకింది. తుప్పు పట్టింది. ఈ మధ్య కొట్టింది కాదు. బీరువా పైన ఒక ఆల్బమ్ ఉంది. దించి తెరిచింది.

పెళ్ళయిన కొత్తలో తిరిగిన ఊళ్ళు. ఊటీ, అన్నవరం, అరకు. ప్రతి ఫొటోలోనూ శ్రీసత్య నిలబడి ఉంది, నేల చూస్తూ. ఆమె వెనకాల ఎవరైనా మగవాడు ఉంటే వాడికి మొహం లేదు. సూదితో గీకేశారు. ఊటీలో గుర్రం పట్టుకున్న వాడికి లేదు. అన్నవరంలో పురోహితుడికి లేదు. బస్సు అద్దంలోంచి కనబడే డ్రైవరుకి లేదు. అరకు దారిలో పొలం మధ్య పాత చొక్కా తొడిగిన దిష్టిబొమ్మ ఉంది. దానికీ మొహం గీకేశారర్రా. గడ్డి బొమ్మకి!

పేజీ తిప్పే పిల్ల చెయ్యి ఆగిపోయింది. "మామ్మా, ఆ కవరులో ఫొటోలు ఊసుపోక పంపినవి కావు. ఈయన పడమటికెళ్ళి ఎతుక్కోవాలని పంపించింది. ఆ పిల్ల దాక్కుంది. మనం ఎక్కడుందో చెబితే..."

గేటు చప్పుడైంది. ఆల్బమ్ మూసి చీర కొంగు కింద పెట్టుకుంది. "నువ్వేటీ మాటాడకు. నాను ఏటన్నా సరే, నువ్వు మాటాడకు" అంది.

ఆ మాట నేను విన్నాను. వినబడలేదని మీ దగ్గర అబద్ధమాడను.

పాలప్యాకెట్టుతో గవర్రాజు వచ్చాడు. అతని వెనకే జీపు ఆగింది. పది గంటల ఇరవై నిమిషాలకి ఉమాశంకర్ దిగాడు, నల్ల కళ్ళద్దాలు, చంకలో పెద్ద అట్ట. ఇద్దర్నీ ఒక చోట కూర్చోబెడితే ఎవరో ఒకరు ఎగసి నిజం కక్కుతారని గవర్రాజే రమ్మన్నాడు. అది నాకు తరవాత తెలిసింది.

"ఏటి బావా, నా మీద నమ్మకం సాల్లేదేటి? లాబ్ మేడంగారిని పిలిసినావు" అన్నాడు ఉమాశంకర్ కుర్చీ లాక్కుంటూ.

"ఇద్దరు చూస్తే మంచిదని అండి" అన్నాడు గవర్రాజు.

"సూడనీ. నాకేటి భయం?" అట్ట మీది కాగితం తీశాడు. ఆ సూర్యుడి ఫొటోని గోడ కేలెండరంత పెద్దది చేయించాడు. బల్లకి ఆనించి నిలబెట్టాడు. "కవరు మీద గోవా ముద్ర. ఫొటో ఎనక గోవా అని రాత. నీళ్ళలోకి దిగిపోతన్న సూర్యుడు. ఈవిడగారు ఏ ఊరంటారో ఇందాం."

గవర్రాజు కళ్ళు ఆశాజ్యోతి మీదే ఉన్నాయి. రెప్ప వెయ్యలేదు.

పిల్ల ఆ పెద్ద ఫొటో వంక చూసింది. గొంతు సవరించుకుంది. "ఉమాశంకర్ గారు చెప్పిందే సరి. గోవాయే. దక్షిణం వైపు ఇంకా చిన్న ఊళ్ళున్నాయి, అక్కడ వెతకాలి."

ఉమాశంకర్ కళ్ళద్దాలు తీశాడు. "మళ్ళీ అను."

"మీరే రైటు అన్నాను."

"ఓరి నా బావో! మూడేళ్ళలో మొదటిసారి. పేపరోళ్ళని పిలవాల్సింది." తొడ చరిచి నవ్వాడు. "నాను అప్పుడే అన్నాను. ఈవిడ గెలిసిన ఫొటోలన్నీ లాబులో ముందు సూసేసినవేనని. అవునా కాదా?"

"అవును" అంది పిల్ల తల వంచుకుని.

నా చెవుల్లో గాలి హోరెత్తింది. ఆ పిల్ల పస్తు పడుకున్న రాత్రులు నాకు తెలుసు. దాని నోటితో అదే ఆ అబద్ధం ఒప్పుకోవడం! పళ్ళు బిగపట్టాను. బిగపట్టే ఉండేదాన్నేమో కూడా.

ఉమాశంకర్ నా వైపు తిరిగాడు. "సేపలమ్మే మామ్మని అసిస్టెంటుగా ఎట్టుకుంటే ఫొటోలేటి కనబడతాయి, పులుసు కనబడతాది."

అప్పుడు ఆ పెద్ద ఫొటో సరిగ్గా నా ఎదురుగా ఉంది. చిన్న ఫొటోలో చీమల్లా ఉన్న మనుషులు ఇందులో మనుషుల్లా ఉన్నారు. నలుగురు ఆడవాళ్ళు, పక్కన ఖాళీ గంపలు. చివరి ఆవిడ మనకి వీపు పెట్టి కూర్చుంది. ఒక మోకాలు పైకి, ఎడమ భుజం కిందికి వాలి ఉంది. తల మీద పెట్టుకునే గుడ్డ చుట్ట తీసి మోకాలికి తొడుక్కుంది గాజులాగా.

చిట్టమ్మ!

నా మొగుడి మొహమైనా మరిచిపోతానేమో గానీ ఆ వీపు మరిచిపోను. పన్నెండేళ్ళు రేవులో నా ముందు కూర్చున్న వీపు అది. నేను నాలుగింటికి లేచి వెళ్తే అది మూడున్నరకే వచ్చి కూర్చునేది. మొదటి పడవలో మంచి వంజరం చేప దానికే దక్కేది. రోజూ నా దగ్గరే కొనే వాడకంవాళ్ళు, నేను పిల్లల పేర్లతో సహా ఎరిగిన ఇళ్ళు, ఒకొక్కటే దాని గంప వైపు తిరిగాయి. ఏం మాయ చేసేదో, నవ్వించేది. తొంభయ్యొకటిలో ఇద్దరం జుట్లు పట్టుకున్నాం. ఆ తరవాత మాటల్లేవు. పరవాడ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న దాని సొంత ఊరు వెళ్ళిపోయిందని విన్నాను.

నోరు నా చేతిలో లేదర్రా.

"గోవా ఏటి నీ మొహం!" అన్నాను. "సాయంత్రంపూట కాళీ గంపలేసుకుని ఏ ఆడదైనా ఒడ్డున కూకుంటాదేటి? అది తెల్లారగట్ట, తెప్పలొచ్చే యేళ. ఆ సివర కూకున్నది మా సిట్టమ్మ. సినదిబ్బపాలెం సిట్టమ్మ! నల్లద్దాలు తీసి సూడు. మా పిల్ల అన్నీ తెలిసే తలొంచినాది, నువ్వు గొప్పోడివని కాదు."

ఆశాజ్యోతి కళ్ళు మూసుకుంది.

గవర్రాజు మొహం ఆ రోజంతటిలో మొదటిసారి విప్పారింది. "ఏ ఊరన్నారు మామ్మగారూ?" అన్నాడు ఎంతో మెత్తగా.

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఏం లాభం? వినేశాడు కదా. "కూర్చోండి, పాలు పొయ్యి మీద పెట్టొస్తాను" అని వంటింట్లోకి వెళ్ళాడు. పెరటి తలుపు చప్పుడు, ఆ వెంటనే మోటారు సైకిలు. నేను వంటింట్లోకి పరిగెత్తి చూస్తే పాలప్యాకెట్టు గట్టు మీద ఉంది. ఇందాక చేపలు కోసే పొడుగు కత్తి వేలాడిన మేకు ఖాళీగా ఉంది. పది గంటల యాభై.

"ఏటయింది? ఎక్కడికెల్లాడు?" అన్నాడు ఉమాశంకర్.

ఆశాజ్యోతి ఆల్బమ్ తీసి అతని ఒళ్ళో పడేసింది. అతను రెండు పేజీలు తిప్పాడు. మూడోది తిప్పి దిష్టిబొమ్మ దగ్గర ఆగిపోయాడు. గొంతులో హుషారంతా దిగిపోయింది.

"నాకు తెల్దు ఆశా. నిజంగా తెల్దు."

"నువ్వు చెప్పింది తప్పని తెలిసీ నీ ముందు తలొంచింది ఎందుకనుకున్నావు?"

"జీపెక్కండి" అన్నాడు.

జీపు పరవాడ వైపు పోతూండగా అతను సెల్‌ఫోనులో పోలీసులకి చెప్పాడు. మనుషుల్ని పంపుతున్నాం, గంట పైనే పడుతుందన్నారు. తరవాత ఎవరెవరినో అడిగి ఆ ఊరి ఎస్టీడీ బూతు నెంబరు పట్టుకున్నాడు. బూతువాడు చిట్టమ్మని పిలుచుకొస్తానని పరిగెత్తాడు. గేటు మీంచి శ్రీసత్యని నవ్వించిన చేపలావిడ ఆ చిట్టమ్మేనని ఈలోగా నాకు వెలిగింది. ఫోను నా చేతిలో పెట్టారు. పదకొండేళ్ళు మాట్లాడని మనిషితో నేనేం మాట్లాడాలి?

"ఎవులు?" అంది ఆ గొంతు.

"నాను. పాపాయమ్మని."

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను గానీ ఇను. నీ కాడ ఒక పిల్ల దాక్కున్నాది. దాని మొగుడు బయల్దేరినాడు. నీలం సొక్కా, మోటారు సైకిలు. సేతిలో కత్తున్నాది. బేగి ఆ పిల్లని పడవెక్కించి సముద్రంలోకి పంపెయ్."

"వాడికెలగ తెలిసింది?"

జీపులో ఇద్దరూ వింటున్నారు. "నానే సెప్పేసినాను."

"ఎందుకలగ?"

"ఫొటోలో నిన్ను సూసి ఓర్వలేక."

"ఆడదాన్ని పడవెక్కిస్తే గంగమ్మతల్లి ఒప్పుకుంటాదేటే? సేపలమ్మిన దానివి, నీకు తెల్దా? నా ఇంట్లో పడవ మీద ఆడది కాలు పెట్టదు. ఫోనెట్టెయ్." లైను తెగిపోయింది.

మా కులంలో అది పెద్ద పట్టింపే. కానీ నాకు మాత్రం, నా మీద కసితోనే కాదందనిపించింది. దారి పొడుగునా ఆ ఒక్కటే. నా ఓర్వలేనితనం ఆ పిల్ల చోటు చూపించింది, దాని ఓర్వలేనితనం ఆ పిల్లని చంపేస్తుంది. ఉమాశంకర్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఆశాజ్యోతి నా వైపు చూడలేదు.

పన్నెండు దాటి అయిదు నిమిషాలకి ఇసకలో ఆగాం. మోటారు సైకిలు అక్కడే నిలబెట్టి ఉంది. ఇంజను మీద చెయ్యి పెట్టి ఆశాజ్యోతి వెంటనే తీసేసింది. వేడి.

మనిషి మాత్రం లేడు. ఎండలో వరసగా ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని నెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్నారు. వరస చివర చిట్టమ్మ. జుట్టు తెల్లబడింది, ఎడమ భుజం ఇంకా కిందికి దిగింది.

"వాడేడి?" అన్నాను.

గడ్డంతో సముద్రం చూపించింది. "అదిగో. పెళ్ళామేదని అడిగినాడు. తెల్లారే పడవెక్కి పూడిమడక వైపు పోనాదన్నాను. ఆడది పడవెక్కదని ఆ స్టీలు ప్లాంటోడికేటి తెలుసు? నమ్మేసినాడు. మా గురువుల్ని పిలిసి, తీసుకెల్లి పోలీసులొచ్చినదాకా నీళ్ళ మీద తిప్పరా అన్నాను." గురువులు చిట్టమ్మ ఒక్కగానొక్క కొడుకు.

"మరి పిల్ల?" అంది ఆశాజ్యోతి.

చిట్టమ్మ పక్కనున్న మనిషి నెత్తళ్ళ మీంచి తలెత్తింది. మోకాళ్ళ పైకి కట్టిన చీర, తలకి చుట్టిన పాత తువ్వాలు, మోచేతులదాకా పొలుసు. ఫొటోలో నేల చూసిన మొహం. ఇప్పుడు సూటిగా మమ్మల్ని చూసింది. మొగుడు అయిదడుగుల దూరంలోంచి నడిచిపోయాడట, చేపల ఆడవాళ్ళ వంక చూడనైనా చూడలేదట.

ఉమాశంకర్ ఇసకలో కూలబడి గట్టిగా నవ్వాడు. ఆశాజ్యోతి కూడా నవ్వింది. ఇద్దరూ కలిసి నవ్వడం నేను చూడడం అదే మొదలు. నాకూ గుండె కుదుటపడింది. పడుతూనే, సిగ్గులేని ప్రాణం కదా, లోపల మళ్ళీ చురుక్కుమంది. నేను పోగొట్టినదాన్ని అది ఒక్క మాటతో కాపాడేసింది. ఎప్పుడూ నాకంటే ముందే.

శ్రీసత్య మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి సముద్రం వైపు చూసింది. "పడవలో ఎంతమంది వెళ్ళారండి?"

"ఇద్దరే. నీ మొగుడు, మా ఓడు. నీళ్ళంటే తెలీనోడు, భయపడి సస్తాడులే."

"ఆయనకి నీళ్ళు తెలుసండి" అంది శ్రీసత్య. "వాళ్ళది గోదావరి మధ్య లంక. బడికి కూడా పడవ తొయ్యకుండా వెళ్ళలేదట. ఈ ఒడ్డున ఎవరికీ తెలీదు గానీ, ఆయన తెడ్డు వేస్తే ఏటికి ఎదురుపోతారండి. దారి తప్పిస్తున్నారని ఆయనకి తెలిసిపోతుంది."

చిట్టమ్మ చేతిలోంచి నెత్తళ్ళు జారిపోయాయి.

ఉమాశంకర్ జీపులోంచి దుర్భిణీ తెచ్చాడు. కళ్ళకి పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. దాన్ని ఆశాజ్యోతికి ఇచ్చాడు. ఆ పిల్ల చూసి చూసి చెప్పింది. "పడవ వెనక్కి తిరిగింది. ఒడ్డుకే వస్తోంది. ఒక్క మనిషే నిలబడి ఉన్నాడు. ఎండ కళ్ళల్లో పడతంది, మొహం తెలీడం లేదు."

చిట్టమ్మకి దుర్భిణీ ఇవ్వబోయారు. తీసుకోలేదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలల అంచుదాకా నడిచింది. నేనూ పక్కనే వెళ్ళాను. పదకొండేళ్ళ తరవాత దాని పక్కన నిలబడ్డాను. అది చాలాసేపు చూసింది. నా చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుంది.

"పాపాయమ్మా" అంది. "ఆ తెడ్డేసేది నా కొడుకు కాదు."

ఇది మీ మనసులో పెట్టుకోండర్రా. రేపు నేను లేనప్పుడు మీ పిల్లలకి చెప్పండి. ఫొటో అంచున గీత ఆశాజ్యోతి పట్టిందని చెప్పండి, గవర్రాజుని ఎదురుగా నిలబెట్టుకుని చిట్టమ్మ పిల్లని దాచిందని చెప్పండి. ఆ ఊరి పేరు, చిట్టమ్మ కొడుకుని మింగిన ఆ ఒక్క మాట, ఎవరి నోటి నుంచి జారిందో ఆ చోట మాత్రం ముసలిదాని మీద జాలిపడి దాటెయ్యకండి. పాపాయమ్మ అని నా పేరు పెట్టి, ఆగి, మళ్ళీ ఒకసారి చెప్పండి.